చీనా బజారులో పళ్ళ అచ్చులు

విజయవాడ వన్ టౌన్‌లో చీనా బజారుకు ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే, ఎవరి నోటికి తోచింది వాళ్ళు చెబుతారు. అసలు సంగతి ఏమిటంటే పేరు ముందొచ్చింది, చీనావాళ్ళు తర్వాత వచ్చారు. తాతల కాలంలో బందరు రేవులో దిగిన పింగాణీ జాడీలు పడవలెక్కి కాలువ వెంట వచ్చి, ఈ వీధిలో ఎండుగడ్డి మీద బారుగా నిలబడేవి. ఊరగాయలు పెట్టే ఇల్లాళ్ళంతా మామిడికాయల రోజులకు ముందే వచ్చి, జాడీని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించేవారు. ఖంగుమంటే మంచిదని, మోత బొంగురుపోతే ఎక్కడో బీట ఉందని తేల్చేవారు. అలా చీనా జాడీల బజారు కాస్తా జనం నోళ్ళలో అరిగి చీనా బజారయింది.

నిజం చీనావాళ్ళు వచ్చింది పెద్ద యుద్ధం రోజుల్లో. బర్మాలో రంగం మీద బాంబులు పడ్డప్పుడు, అక్కడికి కూలికి పోయిన మన తెలుగువాళ్ళతో పాటు నాలుగు చీనా కుటుంబాలు కూడా కాళ్ళీడ్చుకుంటూ వచ్చి బెజవాడ స్టేషన్లో దిగాయి. ఎటు పోవాలో తెలియక మూటల మీద కూర్చుని ఉంటే, ఒక జట్కావాడు వాళ్ళ ముఖాలు చూసి, "మీ వీధి ఒకటుందిలే, ఎక్కండి" అని తీసుకొచ్చి ఇక్కడ దింపాడట. వాళ్ళూ ఎదురు చెప్పకుండా దిగారు. ఒకాయన బూట్లు కుట్టాడు, ఒకాయన సైకిలు మీద పట్టు తానులు అమ్మాడు, ఒక ముసలామె కాగితం పూలు చేసింది, నాలుగో ఆయన పళ్ళు కట్టాడు. మనుషుల్ని పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టుకోవడమూ, అవసరం వచ్చేసరికి ముఖం చాటేయడమూ ఆ వీధికి అలవాటు. నాకు ఆ వీధి మీద ఇప్పటికీ కోపమే.

డెబ్భై ఆరు నాటికి అక్కడ చీనా అన్నది పేరులో తప్ప ఎక్కడా లేదు. జాడీల కొట్లలో ప్లాస్టిక్ బకెట్లు, స్టీలు క్యాన్లు వేలాడుతున్నాయి. లారీ సామాన్ల వాళ్ళు ఆటోనగర్‌కు తరలిపోతే, ఆ ఖాళీల్లో ట్రాన్సిస్టర్లు బాగుచేసేవాళ్ళు కూర్చున్నారు. తోపుడు బళ్ళ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే. అంత ఇరుకులోనూ వీధి నడిమధ్యన ఒక కొట్టు మాత్రం పధ్నాలుగేళ్ళుగా ముందు చెక్కలు తియ్యకుండా ఉండిపోయింది. పైన రేకు బోర్డు మీద ఎర్రటి చిగుళ్ళతో రెండు వరసల పళ్ళు ఇకిలిస్తూ ఉంటాయి. ఒక మూల రాయి తగిలిన సొట్ట ఉంది. ఎమర్జెన్సీ పెట్టాక ఎవరో వచ్చి చెక్కల మీద "మాటలు తగ్గించండి, పని పెంచండి" అని తారుతో రాసిపోయారు. ఇల్లుగలావిడ పటమటలో ఉంటుంది. అద్దెకు ఎవరూ రావడం లేదు కాబట్టి, దుమ్ము దులుపుతూ ఉండమని పక్క తలుపు తాళం తెరేసమ్మకు ఇచ్చింది.

తెరేసమ్మ ఆ కొట్టు అరుగు మీదే కాగితం పూలు అమ్ముతుంది. యాభై రెండేళ్ళ మనిషి. మొగుడు లాజరు రైల్వేలో పాయింట్స్‌మన్. పళ్ళు కట్టిన చీనా డాక్టరు లీ ఆమెకు పరాయివాడు కాదు, సాక్షాత్తు మరిది. ఆమె చెల్లెలు ఎలిజబెత్ పన్ను నొప్పని ఆయన దగ్గరికి వెళ్ళి, పన్ను పీకించుకుని, మనసు అక్కడ పెట్టి వచ్చింది. వీధి వీధంతా ఆరు నెలలు చెవులు కొరుక్కుంది. తర్వాత చర్చిలో పెళ్ళయితే ఆ చెవులు కొరుక్కున్నవాళ్ళే ముందు వరసలో కూర్చుని భోజనాలు చేసి వెళ్ళారు. లిల్లీ పుట్టిన రెండేళ్ళకు ఎలిజబెత్ టైఫాయిడ్‌తో పోయింది. అప్పట్నుంచీ ఆ పిల్ల తెరేసమ్మ చంకలోనే పెరిగింది. 'పెద్దమ్మ' అన్నది ఆ పిల్ల నేర్చిన మొదటి మాట.

డాక్టరు లీ పని తీరు వేరు. మైనం ముద్ద మనిషి నోట్లో పెట్టి కరిపించి, ఆ గుంటల్లో ప్లాస్టర్ కలిపి పోసి, పైదవడ కింది దవడ రెండు అచ్చులు తీసేవాడు. పళ్ళు కట్టి ఇచ్చేశాక ఆ అచ్చుల్ని పారేసేవాడు కాదు. రెంటినీ ఒకదాని మీద ఒకటి మూసి, ఎర్రదారం చుట్టి, పేరు చీటీ అంటించి అరలో పెట్టేవాడు. అలా వీధిలో పళ్ళు పోయినవాళ్ళు, విరిగినవాళ్ళు, వంకరవాళ్ళు అందరి నోళ్ళూ ఆ అరల్లో చేరాయి. కొత్త పళ్ళు పెట్టిన రోజున మాట సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి, "మీ వాళ్ళ పేర్లు చెప్పండి" అని అడిగేవాడు. కాలువ మెట్ల మీద జారిపడి ముందు పళ్ళు పోగొట్టుకున్న తెరేసమ్మనూ అలాగే అడిగాడు. లాజరు, ఎలిజబెత్, లిల్లీ అని చెబితే 'ల' దగ్గర గాలి పోయింది. అది తిన్నగా పలికేదాకా ఆకురాయితో అరగదీసి, పెట్టి, అరగదీసి, పెట్టి, ఆమె విసుక్కున్నా వదల్లేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆయనకు. తన కొట్టు తలుపు తనే తీయబోతూ రోజూ మూడుసార్లు తట్టి, పక్కకు జరిగి నిలబడేవాడు.

"ఎవరున్నారని తడతారండీ?" అని తెరేసమ్మ నవ్వేది.

"రాత్రంతా ఖాళీగా ఉన్న గది కదా వదినగారూ. ఎవరన్నా వచ్చి కూర్చున్నారేమో. చెప్పా పెట్టకుండా లోపలికి పోతే వాళ్ళు నొచ్చుకోరా?" అనేవాడు రంగం కూలీల దగ్గర నేర్చిన తెలుగులో.

ఆయన వీధి విడిచి వెళ్ళాక ఆ అలవాటు ఆమెకు అంటుకుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి పక్క తలుపు మూడుసార్లు తట్టి, పది అంకెలు లెక్కపెట్టి, తాళం తీసి, అచ్చుల మీద దుమ్ము తుడిచి, మళ్ళీ అరుగు మీదకు వచ్చి పూలు పరుచుకుంటుంది. పదేళ్ళు అలాగే గడిచాయి.

మొదటిసారి అది జరిగింది డెబ్భై మూడు ఎండాకాలంలో. తలుపు తీసేసరికి రెండో అరలో ఒక అచ్చు తెరుచుకుని ఉంది. ఎలక పడేసింది కాదు, తెగింది కాదు. ఎర్రదారం విప్పి ఉండలా చుట్టి పక్కన పెట్టి ఉంది. పై దవడ వెనక్కి వాలి, ఏదో చెప్పబోతున్న మనిషి నోరు లాగా ఉంది. చీటీ మీద కిరాణా సుబ్బరత్నం పేరు. ఆమె మూసి దారం చుట్టింది. మర్నాడు మళ్ళీ తెరుచుకుంది. తొమ్మిదో రోజున సుబ్బరత్నం పోయాడు. పోయేముందు చుట్టూ ఉన్నవాళ్ళు హడలిపోయేలా లేచి కూర్చుని, "ఆ బోర్డు మీద రాయి వేసింది నేనే" అని చెప్పి మరీ పోయాడు.

రెండేళ్ళ తర్వాత గాజుల కొట్టు వెంకటరత్నమ్మది తెరుచుకుంది. ఆమె తొమ్మిదో రోజున కోడలి చెయ్యి పట్టుకుని, చీనా ఆయన రాత్రుళ్ళు రేడియోలో ఏవో వింటున్నాడని పోలీసు జవానుకు లేనిపోని మాట చెప్పింది తనేనని ఏడ్చి కన్ను మూసింది. ఈ మధ్యలో వీధిలో ఇంకా చాలామంది పోయారు. వాళ్ళ అచ్చులు మెదల్లేదు. కడుపులో దాచుకున్నది ఏమీ లేనివాళ్ళు మామూలుగానే పోతున్నారనీ, దాచుకున్నవాళ్ళ నోళ్ళే ముందుగా ఇక్కడ తెరుచుకుంటున్నాయనీ తెరేసమ్మకు అర్థమైంది. ఆ రోజు నుంచి ఆమె అన్నిటికన్నా ముందు తన అచ్చు వంక చూసేది. అది గట్టిగా మూసుకునే ఉండేది. ఊపిరి పీల్చుకుని మిగతావి తుడిచేది. ఎందుకంటే దాచుకున్నది ఆమె దగ్గరా ఉంది. అందరికన్నా పెద్దది ఆమె దగ్గరే ఉంది.

డెబ్భై ఆరు నవంబరులో, సమాధుల పండుగ వెళ్ళిన మర్నాడు, పక్క కొట్టులో బూట్లు కుట్టే నబీ అచ్చు తెరుచుకుంది. నబీ ఆ పని నేర్చుకున్నది చీనా బూట్లాయన దగ్గరే. మంచివాడు, నవ్వుతూ మాట్లాడతాడు. తెరేసమ్మ తిన్నగా అతని దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నబీ, నాకేమన్నా చెప్పాల్సింది ఉందా?"

"ఏముంటదక్కా? పొద్దున్నే అట్టా చూస్తావేంది, నేనేదో కోడిని దొంగిలించినట్టు?" అని నవ్వాడు. కానీ చేతిలో సూది మాత్రం ఆగిపోయింది.

నాలుగో రోజుకు మంచం పట్టాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అతని భార్య కుల్సుం పరుగెత్తుకుంటూ వచ్చి పిలిచింది. నబీకి మాట సన్నగా వస్తోంది. కుల్సుం అతను చెప్పినట్టే కొట్టులోకి పోయి, బూట్లు కుట్టే చెక్కపీట అడుగున మేకులతో బిగించిన తోలుముక్క ఊడదీసింది. లోపల ఒక కవరు ఉంది. దాని మీద సర్కారు ముద్రలు.

"అరవై నాలుగులో వచ్చింది అక్కా," అన్నాడు నబీ. "మీ కొట్టు మూసుంటే పోస్టుమాను నాకిచ్చి పోయాడు. ముద్రలు చూసి బయపడ్డా. మొదట చీనా వాళ్ళని పట్టుకపోయారు, రేపు మమ్మల్ని అంటారేమోనని. ఇద్దామిద్దామనుకుంటానే ఉండా. పన్నెండేళ్ళు దాని మీదే కూర్చుని బూట్లు కుట్టా."

ఆ సాయంత్రం అతను పోయాడు.

లాజరుకు రైల్వే ఇంగ్లీషు వచ్చు. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని, ఉత్తరం చదివి తెలుగులో చెప్పాడు. రాసింది కలకత్తాలో ఒక కాన్వెంటు సిస్టరు. చీనా దంతవైద్యుడు లీ రాజస్థాన్ క్యాంపులో జబ్బు చేసి చనిపోయాడు. ఆయన కూతురు లిల్లీని మాకు అప్పజెప్పారు. పిల్ల ఆరోగ్యంగా ఉంది. చెవులు బాగా వినిపిస్తాయి, నాలుకలో ఏ లోపమూ లేదని డాక్టర్లు చెప్పారు. కానీ వచ్చినప్పటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరేమిటని అడిగినా పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడుతుంది. ఈ అలవాటు ఎక్కడిదో మాకు తెలియదు. బంధువులు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.

లాజరు కాగితం మడిచాడు. తెరేసమ్మ గోడకు చేరబడి అలాగే జారి కూర్చుంది. ఆ అలవాటు ఎక్కడిదో ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

అరవై రెండు నవంబరు. సరిహద్దులో యుద్ధం. చీనావాళ్ళను ఎక్కడికో తీసుకుపోతున్నారని పేపర్లో వచ్చిన రాత్రే లాజరు ఆమెతో, "వాళ్ళతో చుట్టరికం అంటే నా ఉద్యోగం ఊడుతుంది. నువ్వు నోరు మెదపకు" అన్నాడు. మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. వీధి వీధంతా కొట్ల ముందు నిలబడింది. డాక్టరు లీ ఒక చిన్న సంచీ సర్దుకుని, కొట్టుకు తాళం వేసి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు. పిల్లను చూసి ఆగాడు.

"తల్లి తరపు వాళ్ళెవరన్నా ఉంటే పాపని ఇక్కడే వదిలేయొచ్చు. ఉన్నారా ఎవరన్నా?"

డాక్టరు లీ తల ఎత్తలేదు. వదినగారి వైపు చూస్తే ఆమెను ఇరికించినట్టవుతుందని నేల చూపులే చూశాడు. వీధిలో రెండు వందల నోళ్ళున్నాయి. పెళ్ళి భోజనం తిన్న నోళ్ళే. ఒక్కటీ తెరుచుకోలేదు. అప్పుడు ఇన్‌స్పెక్టరు వంగి పిల్లను అడిగాడు.

"పాపా, ఇక్కడ మీవాళ్ళు ఎవరమ్మా?"

లిల్లీ తెరేసమ్మ వైపు తిరిగింది. ముఖం విప్పారింది. పిలవడానికి నోరు తెరిచింది. తెరేసమ్మ తన పెదవుల మీద వేలు పెట్టింది.

పిల్ల నోరు మూసుకుంది. చెప్పిన మాట వినే పిల్ల. ఆరేళ్ళ పిల్ల అంత గట్టిగా మాట వింటుందని ఎవరు అనుకుంటారు? వ్యాను కదిలి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి తెరేసమ్మనే చూసింది. ఏడవలేదు, అరవలేదు. ఆ సంగతి తెరేసమ్మ లాజరుకు చెప్పలేదు, చర్చిలో ఫాదరు దగ్గర పాపసంకీర్తనంలో కూడా చెప్పలేదు.

ఉత్తరం వచ్చింది కదా, మర్నాడే కలకత్తా రైలెక్కి ఉంటుందని మీరనుకుంటారు. నాకూ అలా అనుకోవాలనే ఉంది. కానీ లాజరు అడ్డు పడ్డాడు. "ఇంకా ఎనిమిది నెలల సర్వీసుంది. రోజులసలే బాగాలేవు. పన్నెండేళ్ళ నాటి ఉత్తరం పట్టుకుని ఇప్పుడేం చేస్తావు? ఆ పిల్ల ఉందో లేదో, ఉన్నా మనం గుర్తుంటామా?" అన్నాడు. ఆమె ఉత్తరాన్ని కాగితం పూల బుట్ట అడుగున పెట్టుకుంది. నబీ దాని మీద కూర్చుని బూట్లు కుట్టాడు, ఈమె దాని మీద పూలు పరిచి అమ్మింది. తేడా ఏముంది? ఆమెకూ ఆ మాట తట్టింది. తట్టి కూడా మూడు వారాలు ఊరుకుంది. రాస్తే, నీకు పెద్దమ్మ ఉందని చెబితే, మరి ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడగరా? ఆ భయం లాజరు ఉద్యోగం కన్నా పెద్దది.

డిసెంబరు మొదటి సోమవారం. ఎనిమిది గంటలకు తెరేసమ్మ తలుపు తట్టింది. మూడోసారి తట్టగానే లోపల ఏదో చిన్నగా కదిలింది. రాయి మీద రాయి పెట్టినట్టు చిన్న చప్పుడు. పది లెక్కపెట్టడం మరిచిపోయి తలుపు తోసింది.

డాక్టరు బల్ల మీద, అన్నిటికన్నా విడిగా, కోడిగుడ్డంత అచ్చు ఒకటి ఉండేది. లిల్లీకి ఆరో పుట్టినరోజున మారాం చేస్తే తండ్రి ఆటగా తీసి ఇచ్చిన అచ్చు. ముందు పాలపన్ను ఊడిన సందు కూడా అందులో పడింది. తెరేసమ్మ పధ్నాలుగేళ్ళుగా దాన్ని తుడుస్తోంది కానీ ఒక్కనాడూ చేతిలోకి తీసుకోలేదు. అది ఇప్పుడు తెరుచుకుని ఉంది. ఎర్రదారం పక్కనే ఉండలా చుట్టి ఉంది.

అంటే పిల్ల బతికే ఉంది. ఎక్కడో, ఇన్నేళ్ళూ దాచుకున్న మాటతో బతికే ఉంది. ఇక తొమ్మిది రోజులు ఉంటుంది. "నన్ను తీసుకుపో," అంది ఆమె గట్టిగా, ఆ గదితోనో, అరల్లోని నోళ్ళతోనో. "ఆ పిల్ల చేసిన తప్పేముంది? మూసింది నేను. నన్ను తీసుకుపో." అరల్లో ఏదీ కదల్లేదు. బయట ట్రాన్సిస్టరు కొట్టులో వార్తలు వస్తున్నాయి.

అరుగు మీద పూలు పరచకుండానే ఉత్తరం తీసుకుని పోస్టాఫీసుకు నడిచింది. టెలిగ్రాం కిటికీ దగ్గర పది మంది ఉన్నారు. సగం మంది చీనా బజారువాళ్ళే. ఆమె వంతు వచ్చాక లోపలి గుమాస్తా ఉత్తరంలోని కాన్వెంటు చిరునామా కాగితం మీద రాసుకుంటూ అడిగాడు.

"ఎవరికండీ? వాళ్ళు మీకేమవుతారు?"

వెనకాల ఎవరో దగ్గారు. తెరేసమ్మ చెయ్యి తనకు తెలియకుండానే పెదవుల దాకా లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించింది.

"మా పిల్లండీ," అంది. కిటికీకే కాదు, వెనకున్న అందరికీ వినపడేలా అంది. "లిల్లీ అని, మా ఎలిజబెత్ కూతురు. చీనా డాక్టరుగారి అమ్మాయి. నాకు కూతురే. ఆ రోజు వ్యాను ముందర చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా, రాసుకోండి. 'నువ్వు మా పిల్లవి, నేను వస్తున్నా' అని రాయండి."

గుమాస్తా రాసి, "కింద ఆంట్ తెరేసమ్మ అని పెట్టమంటారా?" అని అడిగాడు.

"ఆంటూ వద్దు, ఏదీ వద్దు. పెద్దమ్మ అనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి, మాట మాత్రం అదే ఉండాలి."

ఇంటికి వెళ్ళి లాజరుకు చెప్పింది. వేలు సంగతి కూడా చెప్పింది. అతను కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. తన రెండు చేతులూ చూసుకుంటూ, "నోరు మెదపకని నీకు చెప్పింది నేనే కదే" అన్నాడు. ఆ సాయంత్రమే హౌరాకు పాసు రాయించుకురావడానికి బయల్దేరాడు. వ్యాను పోయిన రోజు నుంచీ అతని మీద ఆమెకు లోపల గడ్డకట్టి ఉన్నదేదో అప్పుడు కాస్త కరిగింది.

మంగళవారం గడిచింది. చిన్న అచ్చు తెరుచుకునే ఉంది. బుధవారం పొద్దునా అంతే. మధ్యాహ్నం టెలిగ్రాం జవాను సైకిలు దిగి అరుగు ముందుకు వచ్చాడు. చుట్టూ కొట్లవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. కుల్సుం తన కొట్టులోంచి వచ్చి తెరేసమ్మ భుజం పట్టుకుంది. లాజరు కాగితం తీసుకుని చదివాడు.

"లిల్లీ సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు మొదటిసారి మాట్లాడింది. ఒకటే మాట. అర్థం మాకు తెలియలేదు. తర్వాత జ్వరం ఎక్కువైంది. మీ టెలిగ్రాం కింద అదే మాట ఉంది. చదివి వినిపించాం. వెంటనే రండి."

"ఏం మాటంట?" అంది కుల్సుం.

లాజరు కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. కుల్సుంకు చదువు రాదు, తెరేసమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరికీ తెలిసిపోయింది. సోమవారం ఎనిమిది గంటలంటే టెలిగ్రాం ఇంకా ఇచ్చి ఉండలేదు. అప్పటికి ఆమె తలుపు మూడోసారి తట్టి, బయట నిలబడి ఉంది.

హౌరా మెయిలు సాయంత్రానికి ఉంది. లాజరు సంచీ సర్దడానికి ఇంటికి పరుగెత్తాడు. తెరేసమ్మ మాత్రం తాళం తీసుకుని పక్క తలుపు దగ్గరికి వెళ్ళింది. మూడుసార్లు తట్టింది. పది లెక్కపెట్టింది. లోపలికి అడుగు పెట్టింది.

చిన్న అచ్చు మూసుకుని ఉంది. ఎర్రదారం చుట్టి, ముడి వేసి ఉంది. డాక్టరు లీ వేసే ముడి అది, రెండు చెవులు విడిచి బిగించే ముడి. ఆమె చేతులకు ఎన్నడూ పట్టుబడలేదు. ఆమె ఆ చిన్న నోటిని మొదటిసారి అరచేతిలోకి తీసుకుంది. చల్లగా లేదు. అరచేతికి గోరువెచ్చగా తగిలింది. కళ్ళు తుడుచుకుని దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టి, రోజూ చేసే అలవాటు కొద్దీ, మూడో అర వైపు తల తిప్పింది.

తెరేసమ్మ అని చీటీ ఉన్న అచ్చు తెరుచుకుని ఉంది.

భయం వేస్తుందేమోనని ఆమె కాసేపు ఎదురుచూసింది. వెయ్యలేదు. అడిగినదే కదా ఇచ్చారు. ఇన్నాళ్ళూ పొద్దున్నే మొదట చూసి హమ్మయ్య అనుకున్నది దీన్నే. ఇప్పుడు హమ్మయ్య అనిపించడం ఆమెకే నవ్వు తెప్పించింది. దారం ఉండ తీసి కొంగున కట్టుకుంది. అచ్చు మూయలేదు.

బయటికి వచ్చి తాళం కుల్సుం చేతిలో పెట్టింది.

"రోజూ తుడవమ్మా. తీసేముందు మాత్రం తలుపు తట్టి పక్కకు జరుగు."

"మళ్ళీ వచ్చి నువ్వే తుడుస్తావు గదక్కా, నాకెందుకు?" అంది కుల్సుం. ఆ మాట అంటూనే తెరేసమ్మ ముఖం చూసింది. కొంగున ఎర్రదారం చూసింది. నబీ పోయాక ఆ అచ్చుల సంగతి ఆమెకు చెప్పినది తెరేసమ్మే. కుల్సుం తాళం గుప్పెట్లో బిగించుకుని, తెరేసమ్మను గట్టిగా కౌగలించుకుంది.

వీధి చివర లాజరు సంచీతో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. తెరేసమ్మ కొట్ల మధ్య నుంచి నడిచింది. బకెట్ల కొట్టువాడు తోపుడు బండి పక్కకు లాగి దారి ఇచ్చాడు. గాజుల కొట్టు వెంకటరత్నమ్మ కోడలు గడప దిగి, "పిన్నిగారూ, ఆ పిల్లని ఇక్కడికే తీసుకురండి" అంది. మిగతావాళ్ళు కూడా ఏదో ఒకటి అన్నారు. పధ్నాలుగేళ్ళు ఆలస్యంగానైనా అన్నారు.

ఆమె దారి పొడుగునా తనవాళ్ళ పేర్లు పైకే చెప్పుకుంది. లిల్లీ, ఎలిజబెత్, లాజరు. 'ల' ఎక్కడా గాలి పోకుండా తిన్నగా పలికింది. ఆ పిల్లకు ముందు వేలు సంగతి చెప్పాలి, నోరు మూసింది తనేనని చెప్పాలి, ఆ తర్వాత తనింక మాట్లాడకపోయినా ఫరవాలేదు. తొమ్మిది రోజుల్లో రెండు రోజులు రైలుకే పోతాయి. మిగిలిన ఏడు రోజులూ లిల్లీ మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వింటే చాలు.